చిట్టా ఆవర్జాలు కోర్టులో నిలబడనప్పుడు

సమస్య: బాకీ వసూలుకు దావా వేశారు, ఆవర్జా (ఖాతాల వారీగా లెక్కలు రాసే పుస్తకం) ఎగ్జిబిట్‌గా మార్క్ అయింది, అంటే సాక్ష్యపత్రంగా కోర్టు రికార్డుకెక్కింది, అయినా బాకీ రుజువు కాలేదని దావా కొట్టేశారు.

కారణం: పుస్తకం మార్క్ కావడం వేరు, అందులోని బాకీ రుజువు కావడం వేరు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్, 2023లోని 28వ సెక్షన్ (పాత సాక్ష్య చట్టంలో 34), వ్యాపార క్రమంలో ఎప్పటికప్పుడు రాస్తూ వచ్చిన లెక్కల పద్దులను సాక్ష్యంగా స్వీకరిస్తూనే, కేవలం వాటి ఆధారంగా ఎవరి మీదా బాధ్యత మోపరాదని చెబుతుంది. తన పుస్తకంలో తాను రాసుకున్న రాతతోనే ఎదుటివాణ్ణి బాకీదారును చేయడం అన్యాయం కనుక ఈ కట్టడి సరైనదే.

పరిష్కారం: పద్దుకు తోడు చూపండి. మార్చి 12న 40 బస్తాలు అరువిచ్చినట్టు ఆవర్జాలో ఉంటే, అదే రోజు చిట్టా (రోజువారీ లెక్కల పుస్తకం) పద్దు, ఇన్‌వాయిస్, సరుకు ముట్టినట్టు కొన్నవారు సంతకం చేసిన డెలివరీ చలానా ఒకదానితో ఒకటి సరిపోవాలి. ఆ లెక్క రాసిన గుమాస్తా గానీ, రాయించినవారు గానీ బోనెక్కి చెప్పాలి. వీటన్నిటిలో చలానాకే ఎక్కువ విలువ ఇస్తాను, ఎందుకంటే అందులో ఉన్నది ప్రతివాది సంతకం. విడి కాగితాల మీది లెక్కలను మాత్రం నమ్ముకోవద్దు. అవి 'పుస్తకం' కిందకు రావని సుప్రీంకోర్టు 1998లో వి.సి. శుక్లా కేసులో తేల్చింది.

సమస్య: కంప్యూటర్ లెక్కల ప్రింటవుట్‌ను మార్క్ చేయనివ్వడం లేదు.

కారణం: సాక్ష్య అధినియమ్ 63(4) సెక్షన్ కింద, ఆ రికార్డు ఏ కంప్యూటర్ నుంచి ఎలా వచ్చిందో తెలుపుతూ ఇవ్వాల్సిన సర్టిఫికెట్ లేదు. పాత చట్టంలో 65బి సెక్షన్ కింద ఉన్న ఇలాంటి సర్టిఫికెట్ తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2020లో స్పష్టం చేసింది. అసలు కంప్యూటర్‌నే కోర్టుకు తెచ్చి దాని యజమాని సాక్ష్యమిస్తే అక్కర్లేదని కూడా చెప్పింది.

పరిష్కారం: ప్రింటు తీసిన రోజే సర్టిఫికెట్ సిద్ధం చేయించండి. సర్టిఫికెట్ కొత్త నమూనాలో ఎ భాగాన్ని రికార్డు దాఖలు చేసేవారు, బి భాగాన్ని నిపుణుడు నింపాలి, హాష్ విలువ (ఫైలు మారిందో లేదో పట్టిచ్చే, ఆ ఫైలు నుంచే లెక్కించే కోడ్) రాయాలి. సర్టిఫికెట్ ఇవ్వాల్సినవారు నిరాకరిస్తే, దాన్ని తెప్పించమని కోర్టుకు దరఖాస్తు చేయవచ్చు.

సమస్య: రోజూ వాడే ఆవర్జాను కోర్టులో వదిలేస్తే వ్యాపారం ఆగిపోతుంది.

పరిష్కారం: సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 7, రూల్ 17 ప్రకారం దావాతో పాటు అసలు పుస్తకాన్ని, ఆధారపడే పద్దు నకలును చూపితే, అధికారి ఆ పద్దుకు గుర్తు వేసి, నకలును సరిచూసి, పుస్తకాన్ని తిరిగి ఇచ్చేస్తారు.