ఫ్రిజ్ కంప్రెసర్‌ని లెక్కల్లో పెడదాం – 4వ పాఠం: ఊగే రేకు

పోయిన పాఠంలో సిలిండర్ ఒత్తిడిని క్రాంక్ (పిస్టన్‌ను నడిపే ఇరుసు) తిరిగే డిగ్రీ డిగ్రీకీ లెక్కగట్టాం. అప్పుడు వాల్వ్‌లను మామూలు తలుపుల్లా తీసుకున్నాం: లోపల ఒత్తిడి తగ్గగానే సక్షన్ వాల్వ్ (గ్యాస్‌ను పీల్చుకునేది) తెరుచుకుంటుంది, సమానం కాగానే మూసుకుంటుంది. ఈ రోజు ఆ ఊహను వదిలేస్తున్నాం.

ఇంట్లో ఫ్రిజ్ కంప్రెసర్లో వాల్వ్ అంటే పలచని స్ప్రింగ్ స్టీల్ రేకు, అంతే. దాన్ని రీడ్ అంటారు. కారు ఇంజన్లో ఉన్నట్టు తెరిచి మూసే క్యామ్ ఉండదు. గ్యాస్ తోస్తే వంగుతుంది, తోపు తగ్గితే తన బిగువుతో వెనక్కి వస్తుంది. అందుకే దాని కదలికను మనమే లెక్కగట్టాలి.

ఒక రేకు తీసుకుందాం. పొడవు 20 మి.మీ., వెడల్పు 8 మి.మీ., మందం 0.2 మి.మీ. ఒక చివర బిగించి ఉంది, రెండో చివర దగ్గర 6 మి.మీ. రంధ్రాన్ని మూస్తోంది. కొలతలు నేను పాఠం కోసం ఎంచుకున్నవి. మీ దగ్గర విప్పిన కంప్రెసర్ ఉంటే దాని కొలతలే వాడండి.

స్ప్రింగ్ స్థిరాంకం (రేకు వంగడానికి ఎంత బలం కావాలో చెప్పే అంకె) = యంగ్ గుణకం (లోహం బిగువు) × వెడల్పు × మందం ఘనం ÷ (4 × పొడవు ఘనం)

ఉక్కుకు యంగ్ గుణకం 210 గిగాపాస్కల్స్ అనుకుంటే మీటరుకు 420 న్యూటన్లు వస్తుంది. రేకు మొత్తం బరువు పావు గ్రాము. కానీ బిగించిన చివర కదలదు కదా, అందుకని ఊగే ద్రవ్యరాశిగా అందులో 24 శాతమే, అంటే 0.06 గ్రాములు తీసుకోవాలి. ఈ రెండు అంకెలతో సహజ పౌనఃపున్యం (రేకు తనంతట తాను సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో) సుమారు 420 హెర్ట్జ్. ఒక ఊపుకు 2.4 మిల్లీసెకన్లు.

దీన్ని మోటారు వేగంతో పోల్చండి. 50 హెర్ట్జ్ కరెంటు మీద మోటారు నిమిషానికి సుమారు 2,900 చుట్లు తిరుగుతుంది, ఒక చుట్టుకు 20.7 మిల్లీసెకన్లు. సక్షన్ 120 డిగ్రీల పాటు సాగితే 6.9 మిల్లీసెకన్లు. ఆ కాస్త సమయంలోనే రేకు దాదాపు మూడుసార్లు ఊగగలదు.

ఇక సమీకరణం:

ద్రవ్యరాశి × త్వరణం = గ్యాస్ తోపు − స్ప్రింగ్ బలం − డ్యాంపింగ్ బలం

డ్యాంపింగ్ అంటే ఊపును మెల్లగా అణచే నిరోధం. గ్యాస్ తోపు అంటే ఒత్తిడి తేడాను రంధ్రం వైశాల్యంతో గుణించడం. తేడా 0.1 బార్ అయితే 0.283 న్యూటన్లు. నెమ్మదిగా తోస్తే రేకు 0.67 మి.మీ. లేచి ఆగుతుంది. (నిజానికి రేకు లేచే కొద్దీ దాని ముఖం మీద ఒత్తిడి పంపకం మారుతుంది. ఆ సవరణ తర్వాత.) డ్యాంపింగ్ నిష్పత్తి 0.05 అనుకుందాం; డ్యాంపింగ్ బలం = 2 × ఆ నిష్పత్తి × √(స్ప్రింగ్ స్థిరాంకం × ద్రవ్యరాశి) × వేగం.

స్ప్రెడ్‌షీట్‌లో ఒక్కో వరస ఒక్కో డిగ్రీ, అంటే 0.0575 మిల్లీసెకన్లు. త్వరణం కనుక్కోండి, దానితో కొత్త వేగం, ఆ కొత్త వేగంతో కొత్త లిఫ్ట్ (రేకు లేచిన ఎత్తు). లిఫ్ట్ సున్నా కంటే తగ్గితే సున్నా చేసి, వేగాన్ని −0.2తో గుణించండి, అది సీటుకు (రేకు ఆనే రంధ్రం అంచుకు) తగిలి ఎగరడం. తోపు మొదటి నుంచీ 0.1 బార్ అయితే, మొదటి వరసలో త్వరణం సుమారు 4,700 (మీ./సె²), వేగం సెకనుకు 0.27 మీటర్లు, లిఫ్ట్ 0.016 మి.మీ. రావాలి.

ఇక్కడ "కొత్త వేగంతో" అన్న మాట దగ్గర ఆగండి. పాత వేగంతో లిఫ్ట్ లెక్కగడితే అది గణితవేత్త ఆయిలర్ పేరుతో ఉన్న సాదా పద్ధతి. డ్యాంపింగ్ లేనప్పుడు అది ప్రతి అడుగుకీ ఊపును 1.15 శాతం పెంచేస్తుంది. చిన్నదే అనిపిస్తుంది, కానీ 120 అడుగులకు దాదాపు నాలుగు రెట్లు! నేను మొదటిసారి ఇలాగే చేసి, పెరుగుతున్న ఊపును చూసి రేకు విరిగిపోతుందేమో అనుకున్నాను. రెండు వారాలు రేకు మందం మార్చుకుంటూ గడిపాను. తప్పు రేకులో లేదు, వరసలు రాసిన క్రమంలో ఉంది. గ్రాఫ్‌లో వింత కనబడితే ముందు అడుగును సగం చేసి చూడండి. వింత మారిపోతే అది లెక్క తెచ్చిన వింతే.

ఇప్పుడు రెండు పరుగులు. మొదటిదానిలో 0.1 బార్‌ను ఒక్కసారిగా పెట్టండి. రేకు 0.67 మి.మీ. దగ్గర ఆగదు, 1.2 మి.మీ. దాటి, మళ్లీ సీటు దగ్గరికి వచ్చేస్తుంది. రెండోదానిలో అదే 0.1 బార్ శిఖరంగా, 120 డిగ్రీల మీద సైన్ వక్రంలా నెమ్మదిగా పెంచి తగ్గించండి. వణుకు అటూ ఇటూ 0.12 మి.మీ. లోపే. అదే రేకు, అదే గరిష్ఠ తోపు. తేడా అంతా తోపు వచ్చిన తీరులోనే.

నిజం కంప్రెసర్లో తోపు ఒక్కసారిగా ఎందుకు వస్తుంది? ఆయిల్ వల్ల. రేకుకూ సీటుకూ మధ్య పలచని ఆయిల్ పొర అంటుకుని, తెరుచుకోవాల్సిన క్షణంలో రేకును పట్టి ఉంచుతుంది. ఆలోగా ఒత్తిడి తేడా పెరుగుతుంది. పొర తెగగానే రేకు ఎగిరిపడుతుంది. అది తెరుచుకోగానే గ్యాస్ లోపలికి దూరి తేడాను తగ్గిస్తుంది, తోపు పడిపోతుంది, రేకు వెనక్కి వస్తుంది, మళ్లీ తేడా పెరుగుతుంది. రేకు కదలికా గ్యాస్ ప్రవాహమూ ఒకదాన్నొకటి మారుస్తున్నాయి కాబట్టి రెంటినీ కలిపే లెక్కగట్టాలి. 1950లోనే కంప్రెసర్ వాల్వ్‌ల మీద పరిశోధించిన కోస్టగ్లియోలా ఈ రెంటినీ జంట సమీకరణాలుగా రాశారు. కంప్యూటర్ అందుబాటులో లేని రోజుల్లో ఆ పని చేయడం నాకు ఇప్పటికీ గొప్పగా అనిపిస్తుంది.

అభ్యాసం: మందాన్ని 0.15 మి.మీ. చేయండి. పౌనఃపున్యం సుమారు 315 హెర్ట్జ్‌కు పడిపోవాలి. రాకపోతే ద్రవ్యరాశి మార్చడం మరిచిపోయారు. రెండు మందాలకూ సైన్ పరుగు నడిపి, తోపు సున్నా అయ్యాక రేకు ఇంకా ఎన్ని డిగ్రీలు తెరిచి ఉందో రాసి పెట్టుకోండి. ఆ డిగ్రీల్లో పిస్టన్ పైకి వస్తూ, పీల్చుకున్న గ్యాస్‌ను కొంత వెనక్కి తోసేస్తుంది. ఎంత తోసేస్తుందో 5వ పాఠంలో ప్రవాహ సమీకరణం కలిపి లెక్కగడదాం.