ఊగని పనిబల్ల ఇంట్లోనే చేసుకోవడం ఎలా?

ఇంట్లో చెక్కపని మొదలుపెట్టినవాళ్ళు ముందు డ్రిల్లు కొంటారు, తర్వాత రంపం కొంటారు. పనిబల్ల సంగతి డైనింగ్ టేబుల్ మీద గీతలు పడ్డాక గానీ గుర్తురాదు. మన వడ్రంగుల్లో చాలామంది నేలమీద కూర్చుని, చెక్కను కాలితో అదిమిపట్టి చిత్రిక పట్టేస్తారు. మనకు ఆ నేర్పూ లేదు, ఆ మోకాళ్ళూ లేవు. కాబట్టి బల్ల కావాలి.

మందంగా, బరువుగా ఉంటే బల్ల గట్టిగా ఉన్నట్టే అనుకుంటాం. చిత్రిక తోసినప్పుడు బల్ల ఊగేది పలక పల్చన కావడం వల్ల కాదు, అతుకులు వదులు కావడం వల్ల. నులక మంచాన్ని గుర్తుచేసుకోండి: నాలుగు కోళ్ళు (కాళ్ళు), నాలుగు పట్టెలు, కోడులోని బెజ్జంలో బిగువుగా దిగిన కుసి (పట్టె కొసన సన్నగా చెక్కిన నాలుక). మన బల్లా అంతే, కాకపోతే పట్టెలు ఎనిమిది.

కొలతలు: పొడవు 5 అడుగులు, వెడల్పు 2 అడుగులు, ఎత్తు 34 అంగుళాలు. ఎత్తు మాత్రం మీకు తగ్గట్టు మార్చుకోండి. చేతులు వదిలేసి నిలబడితే మణికట్టు ఎక్కడికి వస్తుందో అక్కడికి ఉంటే బాగుంటుంది. చిత్రిక పని ఎక్కువైతే రెండు అంగుళాలు తగ్గించండి.

కోళ్ళు 3×3 అంగుళాలవి నాలుగు, ఒక్కొక్కటి 32.5 అంగుళాలు. పట్టెలు 4×2 అంగుళాలవి: పొడుగువి 46 అంగుళాల చొప్పున నాలుగు, పొట్టివి కుసులతో కలిపి 19 అంగుళాల చొప్పున నాలుగు. తరుగుతో కలిపి రెండున్నర సీఎఫ్‌టీ (ఘనపుటడుగుల) కలప సరిపోతుంది. టేకు దండగ. వేప చాలు. కూల్చిన పాత ఇళ్ళ దూలాలు దొరికితే ఇంకా మంచిది, ఏళ్ళ తరబడి ఆరిన చెక్క అంతగా వంకర తిరగదు. కోతకు ఇచ్చేముందు మేకులన్నీ పీకేయండి.

పైపలకకు 8×4 అడుగుల 19 ఎంఎం ప్లైవుడ్ షీటు ఒకటి తీసుకోండి. అందులో 5×2 అడుగుల ముక్కలు రెండు వస్తాయి. రెంటినీ ఫెవికాల్‌తో ఒకదానిమీద ఒకటి అతికిస్తే ఒకటిన్నర అంగుళం పలక. మిగిలిన ముక్కలో కింద సామాన్లు పెట్టుకునే అర కోసుకోవచ్చు.

ముందు రెండు పక్క చట్రాలు చేయండి, ఒక్కోదానికి రెండు కోళ్ళు, రెండు పొట్టి పట్టెలు. పొట్టి పట్టె రెండు కొసలా ఒకటిన్నర అంగుళం కుసి తీసి, కోడుకు అంతే లోతు బెజ్జం కొట్టాలి. బెజ్జం ముందు, కుసి తర్వాత. కుసిని కొద్దికొద్దిగా చెక్కుతూ దించి చూడొచ్చు, బెజ్జం ఒకసారి పెద్దదైతే చేసేదేం లేదు. చేత్తో నొక్కితే సగం దిగి, చెక్క సుత్తితో తడితే మిగతా సగం దిగాలి. ఫెవికాల్ పూసి బిగించాక మూల నుంచి మూలకు టేపు పెట్టి చూడండి. రెండు కొలతలూ సమానమైతే చట్రం మూలమట్టానికి ఉన్నట్టే. క్లాంపులు లేకపోతే తాడు రెండు చుట్లు చుట్టి, మధ్యలో పుల్ల దూర్చి మెలిపెట్టండి. రాత్రంతా అలాగే వదిలేయండి.

పొడుగు పట్టెలకు మాత్రం జిగురు వద్దు, బోల్టులే. అద్దె ఇల్లు మారేటప్పుడు విప్పుకోవచ్చు. 10 ఎంఎం మందం, 150 ఎంఎం పొడవు బోల్టు కోడు గుండా వెళ్ళి పట్టె కొసలోకి దిగుతుంది. పట్టె లోపలి వైపు, కొస నుంచి రెండున్నర అంగుళాల దూరంలో ఉలితో చిన్న గూడు చెక్కి, అందులో వాషర్, నట్టు పెట్టాలి. పొడుగు పట్టె, పొట్టి పట్టె ఒకే ఎత్తులో ఉండకూడదు. నా మొదటి బల్లకు ఆ సంగతి తట్టక డ్రిల్లు సరిగ్గా కుసి మధ్యలోంచి దించాను, ఆ చట్రం మొత్తం మళ్ళీ చేసుకోవాల్సి వచ్చింది. పైన పొడుగువి అంచుకు సమంగా, పొట్టివి వాటి కింద. కింద పొట్టివి నేలకు 4 అంగుళాల ఎత్తులో, పొడుగువి 8 అంగుళాల ఎత్తులో.

పలకను ఎల్ యాంగిల్ ముక్కలతో కింది నుంచి స్క్రూలు వేసి బిగించండి. స్క్రూ పైకి పొడుచుకు రాకుండా పొడవు చూసుకోండి. చెక్కను బిగించి పట్టే వైస్ కుడిచేతివాటం వాళ్ళకు ఎడమ కొసన, కోడుకు దగ్గరగా ఉండాలి. పలకకు వార్నిష్ వద్దు, చెక్క జారిపోతుంది. అవిసె నూనె పల్చగా పూస్తే చాలు. తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూల పడేయకండి, వాటంతట అవే వేడెక్కి అంటుకోగలవు. విడివిడిగా పరిచి ఆరబెట్టండి. కోళ్ళ కింద రబ్బరు బుష్‌లు వేయండి.

మొదటి వేసవికి చెక్క కాస్త ఆరి కుంచించుకుపోతుంది. అప్పుడు పానా తీసుకుని బోల్టులన్నీ ఒక చుట్టు బిగించుకోండి.