నాటకం మీద వ్యాసం రాసేటప్పుడు కొటేషన్ ఎలా వాడాలి?

కావలసినవి పెద్దగా ఏమీ లేవు. నాటకం పుస్తకం, ఒక పెన్సిల్, నాలుగు తెల్లకాగితాలు. పుస్తకం లేకపోతే ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద వెతకండి, అక్కడా దొరక్కపోతే చిక్కడపల్లి లైబ్రరీలో కూర్చుని చదవండి. గైడు మాత్రం తెరవకండి. అందులో కొటేషన్లు ముందే ఏరిపెట్టి ఉంటాయి. అవి ఎందుకు ఏరారో మీకు తెలియదు కాబట్టి వాటి గురించి రాయడానికి మీ దగ్గర ఒక్క మాటా ఉండదు.

నాటకం రెండుసార్లు చదవాలి. మొదటిసారి పెన్సిల్ ముట్టుకోకూడదు. రెండోసారి మీరు ఆగిపోయిన చోటల్లా గీత పెట్టి, పక్కన అంకం నంబరు రాసుకోండి.

నా దగ్గరికి వ్యాసాలు దిద్దించుకోవడానికి వచ్చే డిగ్రీ పిల్లలు ఎక్కువగా తెచ్చేది ‘కన్యాశుల్కం’ కాబట్టి దాన్నే ఉదాహరణగా తీసుకుంటాను. 1897లో మొదటి కూర్పు అచ్చయింది, గురజాడ దాన్ని బాగా పెంచి, మార్పులు చేసి 1909లో రెండో కూర్పు తెచ్చారు. మనం చదివేది ఈ రెండోదే, ఏడు అంకాలు. మీ చేతిలో ఉన్న కూర్పు ఏదో చూసుకుని, మొదటి నుంచి చివరిదాకా దాన్నే వాడండి.

ఇక వ్యాసం నిర్మాణం. చాలామంది మొదటి అంకంతో మొదలుపెట్టి ఏడో అంకం దాకా కథ చెప్పుకుంటూ పోతారు. దిద్దేవాళ్లకు కథ తెలుసు కదా! ముందు మీరు ఏం నిరూపించబోతున్నారో ఒక్క వాక్యంలో రాయండి. ‘గురజాడ గొప్ప నాటకకర్త’ అని రాస్తే కుదరదు, దాన్ని ఎవరూ కాదనరు. నాటకంలో మాయమాటలతో బతికే గిరీశం గురించైతే ‘గిరీశం ఇంగ్లీషును చదువు చూపించుకోవడానికే కాదు, దాక్కోవడానికీ వాడతాడు’ అని రాయండి. దీన్ని కాదనేవాళ్లు ఉంటారు, వాళ్లను ఒప్పించడమే మీ వ్యాసం పని. ఆ పనికి మూడు మెట్లు చాలు, ఒక్కో మెట్టుకు ఒక్క కొటేషన్. మూడు పేజీల వ్యాసంలో ఐదు దాటకూడదు.

అసలు కష్టం ఇక్కడ మొదలవుతుంది, నూటికి తొంభై వ్యాసాలు పాడయ్యేదీ ఇక్కడే. కొటేషన్ తెచ్చి పేరా మధ్యలో పెట్టి, కింద ‘దీన్నిబట్టి గిరీశం స్వభావం తెలుస్తోంది’ అని రాసి వెళ్లిపోతారు. ఏ స్వభావం? ఏ మాటను బట్టి? కొటేషన్ తనంతట తాను ఏమీ నిరూపించదు, దానితో మీరే పని చేయించాలి.

అలా పని చేయించడానికి కొటేషన్‌కు ముందు మూడు సంగతులు తెలియాలి: ఆ మాట ఎవరు, ఎవరితో, ఏ అవసరం కొద్దీ అంటున్నారు. తర్వాత అందులో ఒక్క పదాన్ని పట్టుకుని దాని గురించి కనీసం రెండు వాక్యాలు రాయాలి. చూడండి, నాటకం మొదట్లో గిరీశం ఒంటరిగా నిలబడి మాట్లాడుతుంటాడు. పూటకూళ్లమ్మ సంతలో సామాన్ల కోసం ఇచ్చిన ఇరవై రూపాయలు ఎక్కడ ఖర్చయ్యాయో అతనికి తెలుసు, వింటున్నవాళ్లు ఎవరూ లేరు. అయినా ఆ డబ్బు ‘డాన్సింగు గర్లు’ కింద పోయిందంటాడు. పక్కన ఎవరూ లేనప్పుడు కూడా తెలుగు మాట నోట రాలేదు, తన దగ్గర తానే ఇంగ్లీషు చాటున దాక్కున్నాడు. ఆ స్వగతం మొత్తం దింపాల్సిన అవసరమే లేదు, రెండు పదాలతో పని జరిగిపోయింది. పొడవాటి కొటేషన్ కంటే ఇదే మేలని నేను ఎప్పుడూ చెబుతాను, ఎందుకంటే పది లైన్లు దింపినవాళ్లకు ఏ పదం పట్టుకోవాలో తేల్చుకోవాల్సిన అవసరమే రాదు.

ఎవరితో అన్నారన్నది మర్చిపోతే అర్థమే మారిపోతుంది. తాంబూలాలిచ్చేశాను, ఇక తన్నుకు చావండి అన్న మాట ఇప్పుడు సామెతై మన ఇళ్లలో తిరుగుతోంది కాబట్టి పిల్లలు దాన్ని సామెతలాగే వాడేస్తారు. నాటకంలో అది సామెత కాదు. చిన్నపిల్లైన కూతురు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకు ఇవ్వొద్దని భార్య, బావమరిది అడ్డుపడుతుంటే అగ్నిహోత్రావధాన్లు వాళ్ల నోళ్లు మూయించడానికి అన్నది. ఈ సంగతి రాయకపోతే ఆ మాటలోని క్రూరత్వం పాఠకుడికి అందదు.

‘గురజాడ అన్నట్లు’ అని పాత్ర మాటను రచయితకు అంటగట్టకండి. గిరీశం మాట గిరీశానిదే. ఇంత చిన్న తప్పుకు వ్యాసం మొత్తం చెడుతుంటే చూసి చాలా బాధపడ్డాను.

నాటకంలో మొదటి మాట గిరీశానిదే, ‘డామిట్’ అంటూ కథ అడ్డం తిరిగిందన్న చివరి మాటా అతనిదే. ఇలాంటి జంట దొరికితే ఒకటి వ్యాసం మొదట్లో, ఒకటి చివర్లో వాడండి. తాను లేవదీసుకొచ్చిన వితంతువు బుచ్చమ్మను పూనాలోని వితంతు శరణాలయానికి పంపుతున్నప్పుడు కూడా అతనికి అది ఆమె బతుకులా కాదు, తన ‘కథ’లాగే కనిపించింది. మళ్లీ ఇంగ్లీషు మాటే ముందొచ్చింది. మీరు మొదట రాసుకున్న వాక్యం దగ్గరికి వ్యాసం దానంతట అదే తిరిగొస్తుంది.

పరీక్షలో పుస్తకం ఉండదు కాబట్టి ఐదారు పదాల కొటేషన్లు ఓ పది బట్టీ పట్టండి. అక్షరం అక్షరం గుర్తులేకపోతే కోట్ గుర్తులు పెట్టకండి, ‘అనే అర్థంలో అంటాడు’ అని మీ మాటల్లో రాయండి. 1955 నాటి సినిమా ఎన్నిసార్లు చూసినా సరే, మాట మాత్రం పుస్తకం నుంచే తీసుకోవాలి.

రాయడం అయ్యాక ఒక్కో కొటేషన్‌ను బొటనవేలితో మూసి ఆ పేరా చదవండి. అది లేకపోయినా పేరా నడుస్తుంటే ఆ కొటేషన్ కొట్టేయండి, లేదా దాని కింద ఇంకో రెండు వాక్యాలు రాయండి.