ఒకే వైర్ల మీద స్టాఫ్, కెమెరా, గెస్ట్ నెట్‌వర్క్‌లు వేరు చేయడం

చిన్న క్లినిక్కుల్లో, ఆఫీసుల్లో బిల్లింగ్ కంప్యూటరు, సీసీ కెమెరాలు, వచ్చిపోయేవాళ్ల ఫోన్లు అన్నీ ఒకే నెట్‌వర్క్‌లో పడేస్తారు, ఎవరికి వైఫై పాస్‌వర్డ్ చెప్పినా వాళ్లు ఎన్‌వీఆర్ (కెమెరాల వీడియో రికార్డ్ చేసే పెట్టె) లాగిన్ పేజీ దాకా వెళ్లిపోవచ్చు. దీనికి కొత్తగా కేబుళ్లు లాగక్కర్లేదు, వీల్యాన్ (ఒకే వైర్ల మీద నెట్‌వర్క్‌ని నంబర్లతో విడివిడిగా చేసే పద్ధతి) సపోర్ట్ ఉన్న రౌటరు, స్మార్ట్ స్విచ్ (సెట్టింగ్‌లు మార్చుకోగలిగే స్విచ్), యాక్సెస్ పాయింట్ (వైఫై ఇచ్చే పెట్టె) ఉంటే చాలు.

ముందు వీల్యాన్ నంబర్లు కాగితం మీద రాసుకోండి: 10 స్టాఫ్, 20 కెమెరాలు, 30 గెస్ట్. 1 నుంచి 4094 దాకా ఏ నంబరైనా పెట్టొచ్చు గానీ, 1 డిఫాల్ట్ కాబట్టి దాన్ని రౌటరు, స్విచ్, యాక్సెస్ పాయింట్ల సొంత అడ్రసులకే వదిలేయండి. రౌటర్‌లో ఒక్కోదానికి వేరే డీహెచ్‌సీపీ (పరికరాలకి అడ్రసులు ఇచ్చేది) పెట్టి, అడ్రస్‌లో కూడా అదే నంబరు వచ్చేలా చూడండి, అంటే కెమెరాలకి 192.168.20 సిరీస్.

ఇక స్విచ్, అసలు తికమక అంతా ఇక్కడే. ట్యాగ్డ్ అంటే డేటా మీద వీల్యాన్ నంబరు వేసి పంపడం, అన్‌ట్యాగ్డ్ అంటే నంబరు లేకుండా పంపడం. రౌటరు ఉన్న పోర్టులో 10, 20, 30 మూడూ ట్యాగ్డ్, యాక్సెస్ పాయింట్ పోర్టులో 10, 30 ట్యాగ్డ్, రెండిట్లోనూ 1 మాత్రం అన్‌ట్యాగ్డ్‌గా అలాగే ఉంచండి. కెమెరాలు, ఎన్‌వీఆర్ ఉన్న పోర్టుల్లో 20 అన్‌ట్యాగ్డ్, వీల్యాన్ 1 నుంచి ఆ పోర్టుల్ని తీసేయాలి, పీవీఐడీ (నంబరు లేకుండా పోర్టులోకి వచ్చే డేటాకి స్విచ్ వేసే నంబరు) కూడా 20కి మార్చాలి. చాలా స్మార్ట్ స్విచ్‌లలో ఈ పీవీఐడీ వేరే పేజీలో ఉంటుంది, అది మర్చిపోతే కెమెరాకి అడ్రసే రాదు. బిల్లింగ్ కంప్యూటరు పోర్టుకీ ఇదే పద్ధతి, నంబరు 10. ఒక్క పోర్టు మాత్రం అస్సలు ముట్టుకోకండి, సెట్టింగ్ తేడా కొడితే ల్యాప్‌టాప్ పెట్టి లాగిన్ అవడానికి అదే దిక్కు.

వైఫైలో స్టాఫ్ పేరుకి 10, గెస్ట్ పేరుకి 30 ఇవ్వండి, ఇంతకన్నా ఎక్కువ పేర్లు పెట్టకండి, ఒక్కో పేరూ ఎయిర్‌టైమ్ (వైఫై సిగ్నల్ వాడుకునే సమయం) తినేస్తుంది.

ఇంతటితో అయిపోయిందనుకోవద్దు, చాలా రౌటర్లు వీల్యాన్ల మధ్య ట్రాఫిక్‌ని మామూలుగానే అటూ ఇటూ పంపేస్తాయి, ఆపాల్సింది రౌటర్‌లోని ఫైర్‌వాల్ (ఏ ట్రాఫిక్ వెళ్లాలో, ఏది ఆగాలో చెప్పే రూల్స్). గెస్ట్‌కి డీహెచ్‌సీపీ, డీఎన్ఎస్ (వెబ్‌సైట్ పేర్లని అడ్రసులుగా మార్చేది), ఇంటర్నెట్ తప్ప మిగతావన్నీ బ్లాక్, రౌటర్ లాగిన్ పేజీతో సహా. కెమెరాలకి ఇంటర్నెట్ బ్లాక్, ఫోన్ యాప్‌లో చూడాలంటే ఎన్‌వీఆర్‌కి ఒక్కదానికే వదలండి. స్టాఫ్ నుంచి ఎన్‌వీఆర్‌కి మాత్రం అనుమతి ఇవ్వండి.

గెస్ట్ వైఫైలో చేరి ఎన్‌వీఆర్ అడ్రస్ కొట్టి చూడండి, పేజీ రాకూడదు. తర్వాత స్విచ్‌లో సేవ్ నొక్కండి, కొన్నిట్లో అప్లై చేసినా సేవ్ విడిగా నొక్కకపోతే కరెంటు పోయొచ్చేసరికి అన్నీ ఎగిరిపోతాయి.