నోట్స్ కొత్త యాప్‌లోకి మార్చే ముందు పది మొండి నోట్లు ఏరుకోండి

పదకొండేళ్లుగా ఎవర్‌నోట్ అనే నోట్స్ యాప్‌లో రాసుకున్నవి 1,840 నోట్స్. పోయిన నెల అన్నీ అబ్సీడియన్ అనే ఇంకో నోట్స్ యాప్‌లోకి మార్చుకున్నాను. రెండేళ్ల క్రితం వేరే యాప్‌లోకి తొందరపడి మార్చితే, నోట్స్ అన్నీ వచ్చాయి కానీ తేదీలన్నీ ఆ రోజువే అయిపోయాయి. పాప పుట్టిన రాత్రి ఆస్పత్రి బెంచీ మీద కూర్చుని రాసుకున్న నాలుగు ముక్కల మీద కూడా అదే తేదీ! పాత యాప్‌లో ఏదీ చెరిపేయలేదు కాబట్టి బతికిపోయాను. మీరూ కనీసం ఒక నెల ఏదీ డిలీట్ చేయకండి.

ముందు పది మొండి నోట్లు, అంటే మార్చేటప్పుడు ఇబ్బంది పెట్టేవి, ఏరండి: ఫొటోలున్నది, పీడీఎఫ్ ఉన్నది, టేబుల్, టిక్కులు పెట్టిన లిస్టు, వాయిస్ రికార్డింగ్, వేరే నోట్‌కి లింక్ ఇచ్చినది, బాగా పొడుగు టైటిల్ ఉన్నది, అర్ధరాత్రి రాసినది, ఇలాంటివి. వీటిని మార్చి చూస్తే ఎక్కడ తేడా వస్తుందో తెలిసిపోతుంది. పాస్‌వర్డ్‌తో దాచిన భాగాలుంటే ఎగుమతికి (ఎక్స్‌పోర్ట్‌కి) ముందే తాళం తీసేయండి, లేకపోతే అవి తాళంతోనే వస్తాయి.

ఎగుమతి కంప్యూటర్‌లోనే, ఒక్కో నోట్‌బుక్‌ని విడిగా చేయండి. అలా వచ్చే ఫైలుని ఎనెక్స్ అంటారు; అందులో నోట్‌బుక్ పేరు ఉండదు, కాబట్టి ఫైలుకే ఆ పేరు పెట్టుకోవాలి. ఫొటోలు అందులోనే అక్షరాలుగా మారి ఉంటాయి, అందుకే సైజు మూడో వంతు పెరుగుతుంది. అది చూసి టెన్షన్ పడక్కర్లేదు.

తర్వాత అబ్సీడియన్‌లో ఇంపోర్టర్ అనే ప్లగిన్ (యాప్‌కి అదనంగా జోడించుకునే చిన్న సాధనం) పెట్టుకుని ఆ ఫైళ్లు ఇస్తే చాలు, ప్రతి నోటూ ఒక మార్క్‌డౌన్ ఫైలవుతుంది, అంటే చిన్న చిన్న గుర్తులతో రాసిన మామూలు టెక్స్ట్ ఫైలు.

తెలుగులో టైటిల్స్ పెట్టేవాళ్లు మాత్రం ఇక్కడ కాస్త ఆగాలి. ఆండ్రాయిడ్‌లో, లినక్స్‌లో ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదు. తెలుగులో ఒక్కో గుర్తుకి మూడు బైట్లు. ‘రాత్రి’ చూడటానికి రెండక్షరాలే, కానీ ర, దీర్ఘం, త, పొల్లు, ర, గుడి కలిపి ఆరు గుర్తులు, అంటే 18 బైట్లు. ఒక వాక్యమంతా టైటిల్‌గా పెట్టే అలవాటుంటే ఎనభై గుర్తులు ఇట్టే దాటిపోతాయి. విండోస్ కంప్యూటర్‌లో బాగానే కనిపించిన నోటు ఫోన్‌లోకి సింక్ కాకపోతే ముందు టైటిల్ పొడుగు చూడండి. నేను అలాంటివి కుదించి, అసలు టైటిల్‌ని నోటు మొదటి లైన్లో పెట్టుకున్నాను.

ఇక తేదీలు. కాపీ చేసినప్పుడో సింక్ చేసినప్పుడో ఫైలు తేదీ మారిపోవచ్చు, కాబట్టి ముఖ్యమైన నోట్స్‌లో తేదీని నోటు లోపలే రాయండి. ఎనెక్స్ ఫైలుని మామూలు టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిస్తే అసలు తేదీ దొరుకుతుంది. పాప నోటుకి అక్కడ 20160807, పక్కన 204000 అని ఉంది, అంటే 2016 ఆగస్టు 7, రాత్రి 8:40. అది గ్రీనిచ్ లెక్క. మన గడియారానికి మార్చుకుంటే ఆగస్టు 8, తెల్లవారుజాము 2:10. మార్చుకోకుండా ఎక్కించేసి ఉంటే పుట్టినరోజు ఆగస్టు 7 అయిపోయేది.

లింకులు చివరికి పెట్టుకోండి. ఎవర్‌నోట్ అనే మాటతో మొదలయ్యే లింకుల కోసం వెతికి, తెగినవాటిని చేత్తో కలపాలి. నాకు 43 దొరికాయి, ఒక సాయంత్రం పట్టింది. ఎనెక్స్ ఫైళ్లని హార్డ్ డిస్క్‌లో దాచి, పాప నోటుని ఫోన్‌లో తెరిచి ‘ఆగస్టు 8, 2:10’ అని చూసుకున్నాకే పాత యాప్‌ని ఫోన్‌లోంచి తీశాను.