ఆ గుర్తు చెరపకండి: గామా కిరణాల లైట్ కర్వ్‌ను నలుగురికీ పనికొచ్చేలా పంచుకోవడం ఎలా?

విశాఖలో వానాకాలమంతా కలిపి టెలిస్కోప్ బయటికి తీయగలిగే రాత్రులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మబ్బు లేకపోతే సముద్రపు తేమ, అదీ లేకపోతే బీచ్ రోడ్డు దీపాలు. గామా కిరణాలతో ఆ బెడద లేదు. వాటిని వాతావరణం ఎలాగూ కిందికి రానివ్వదు కాబట్టి 2008 జూన్‌లో ప్రయోగించిన ఫెర్మి ఉపగ్రహం పైనే పట్టుకుంటుంది. ఆ డేటాను నాసా అందరికీ ఉచితంగా ఇస్తోంది. మన వాళ్లు దించుకుంటున్నారు, వెలుగు కాలంతో ఎలా మారిందో చూపే గ్రాఫులు, అంటే లైట్ కర్వ్‌లు, గీస్తున్నారు, వాట్సాప్‌లో పంపుకుంటున్నారు. అక్కడే చెడగొడుతున్నారు.

కావలసినవి ల్యాప్‌టాప్, నెట్, స్ప్రెడ్‌షీట్. ఫెర్మి లైట్ కర్వ్ రిపాజిటరీ అనే వెబ్‌సైట్‌లో వెలుగు మారుతూ ఉండే మూలాలు, అంటే గామా కిరణాలు వెలువరించే ఖగోళ వస్తువులు, 1500కు పైగా ఉన్నాయి. ఒకటి ఎంచుకోండి. కొత్తవాళ్లయితే 3సి 454.3తో మొదలుపెట్టండి. ఈ బ్లేజర్ (మనవైపు కణాల ధారను చిమ్మే గెలాక్సీ కేంద్రం) 2010 నవంబర్‌లో ఎంతగా చెలరేగిందంటే, గామా ఆకాశంలో ఎప్పుడూ ముందుండే వేలా పల్సార్ అనే నక్షత్ర అవశేషాన్ని కూడా దాటేసింది. తర్వాత 3 రోజులు, వారం, నెల అని మూడు రకాల బిన్‌లు, అంటే ఒక్కో కొలతకు తీసుకునే కాలవ్యవధులు, కనిపిస్తాయి. వారమే తీసుకోండి. 3 రోజుల బిన్‌లో మసక మూలాలు సగం మాయమవుతాయి, నెల బిన్‌లో చెలరేగినవి కూడా చదునైపోతాయి. సీఎస్‌వీ ఫైల్ దించుకోండి.

ఇక అసలు సంగతి. ఫైల్‌లో వెలుగు ఎంతో చెప్పే ఫ్లక్స్ కాలమ్ కిందికి చూస్తూ పోతే కొన్ని గడుల్లో అంకెకు ముందు ‘కన్నా తక్కువ’ (<) అనే గుర్తు ఉంటుంది. ఆ వారం మూలం నమ్మకంగా కనబడలేదని, ఉన్నా ఇంతకు మించి ఉండకపోవచ్చని దాని అర్థం. దీన్నే అప్పర్ లిమిట్ అంటాం. అది కొలత కాదు, హద్దు.

ఈ గుర్తు ఉన్న గడిని స్ప్రెడ్‌షీట్ అంకెగా కాక అక్షరాలుగా చూస్తుంది, గ్రాఫ్ గీయనంటుంది. అప్పుడు చాలామంది చేసే పని, ఫైండ్ అండ్ రీప్లేస్‌తో ఆ గుర్తును ఒక్క దెబ్బకు చెరిపేయడం. గ్రాఫ్ చక్కగా వస్తుంది. కానీ హద్దులన్నీ కొలతలైపోయాయి! నా దగ్గరికి వచ్చిన ఒక అమ్మాయి ప్రాజెక్టులో ఇదే జరిగింది. “సార్, ఈ మూలం ఎప్పుడూ ఒకేలా వెలుగుతోంది” అంది. “ఏదీ, దించుకున్న ఫైల్ తెరువమ్మా” అన్నాను. తెరిస్తే ఆ ఏడాదిలో సగానికి పైగా వారాలు అప్పర్ లిమిట్‌లే. పాపం, మూడు నెలల పని మళ్లీ మొదటికొచ్చింది.

ఆ వరసలనే తీసేయడం రెండో తప్పు, ఇంకా ప్రమాదకరం. పది వారాల్లో నాలుగు వారాలే కనబడిందనుకోండి. ఆ నాలుగింటి సగటును మూలం సగటు అనేస్తే, మసకగా ఉన్న వారాలన్నీ లెక్కలోంచి జారిపోయి మూలం ఉన్నదానికన్నా కాంతివంతంగా కనిపిస్తుంది. సున్నా పెట్టడం కూడా తప్పే. కనబడకపోవడం వేరు, లేకపోవడం వేరు.

చేయాల్సింది ఇది. ఫ్లక్స్ పక్కన కొత్త కాలమ్ పెట్టండి. కొలతయితే 0, హద్దయితే 1 వేయండి. ఆ తర్వాతే గుర్తు తీయండి, అదీ నకలు ఫైల్‌లోనే. గ్రాఫ్‌లో హద్దులకు చుక్క పెట్టకుండా కిందికి చూసే బాణం గీయండి. మూలం ఎంత నమ్మకంగా కనబడిందో చెప్పే టీఎస్ అనే కాలమ్‌ను ముట్టుకోవద్దు. సాధారణంగా అది 4 కన్నా తక్కువైతేనే హద్దు వేస్తారు. రేపు ఎవరైనా ఇంకా గట్టి నియమంతో వడకట్టుకోవాలంటే ఆ కాలమ్‌లోని అంకెలే ఆధారం.

సమయం గురించి ఒక్క మాట. ఎంఈటీ అని ఉన్న పెద్ద అంకె 2001 జనవరి 1 నుంచి లెక్కపెట్టిన సెకన్లు. తేదీ ఉంది కదా అని దాన్ని తీసేయకండి, అయిదున్నర గంటలు కలిపి మన టైమ్‌లోకి అసలే మార్చకండి.

పంచుకునేటప్పుడు ఒక రీడ్‌మీ ఫైల్ జతచేయండి: మూలం పేరు, బిన్, శక్తి పరిధి, ఎక్కడి నుంచి, ఏ తేదీన దించారు. రిపాజిటరీలో విలువలు సవరిస్తుంటారు కాబట్టి తేదీ తప్పనిసరి. అన్నీ కలిపి జెనోడో అనే ఆన్‌లైన్ డేటా భాండాగారంలో పెడితే డీఓఐ అనే శాశ్వత గుర్తింపు సంఖ్య ఇస్తారు. సొంత హార్డ్ డిస్క్‌ను నమ్ముకోవద్దు. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ వచ్చినప్పుడు కిటికీ అద్దం పగిలి, బల్ల మీద నీళ్లు నిలిచి, నేను లెక్కగట్టి పెట్టుకున్న రెండేళ్ల లైట్ కర్వ్‌లు పోయాయి. డేటా మళ్లీ దొరికింది, చేసిన సవరణలు దొరకలేదు.

చివరగా, ఈ మూలం గురించి ఏమీ తెలియని స్నేహితుడికి ఆ ఫోల్డర్ ఒక్కటే పంపి గ్రాఫ్ గీయమనండి. ఏదైనా అడగడానికి ఫోన్ చేస్తే, జవాబు ఫోన్‌లో చెప్పకండి. రీడ్‌మీలో రాసి మళ్లీ పంపండి.