దెయ్యం చూశానన్న పిల్లలతో మాట్లాడటం: 4వ పాఠం

పోయిన పాఠంలో "కొట్టిపారేయకండి, వినండి" అని రాశాను. వినమంటే చాలామంది విచారణ మొదలుపెట్టారు. విశాఖ మర్రిపాలెం నుంచి ఒకావిడ తమ ఐదేళ్ల బాబుతో జరిగిన మాటలు రాసి పంపారు. ఆవిడ ఒప్పుకున్నాకే ఇక్కడ పెడుతున్నాను.

"అమ్మా, కిటికీ దగ్గర ఎవరో ఉన్నారు."
"ఆడమనిషా?"
"ఊఁ."
"తెల్లచీర కట్టుకుందా?"
"ఊఁ."
"జుట్టు విరబోసుకుందా? నీకేసి చూసిందా?"
"ఊఁ... చూసింది."

బాబు చెప్పింది ఒక్క ముక్క. చీర, జుట్టు, చూపు అన్నీ అమ్మ ఇచ్చినవే. మర్నాటి రాత్రి నుంచి వాడు తెల్లచీర ఆవిడ వస్తోందని ఏడుస్తున్నాడట. ఏడవడా మరి!

అందుకని పడకగది సర్దుకోవడం గురించి ఈసారి చెప్పాల్సిన పాఠం పక్కన పెడుతున్నాను. జీరో బల్బు వేయండి, ఊగే కర్టెన్‌ను కట్టేయండి, ప్రస్తుతానికి అది చాలు. ముందు ఈ ప్రశ్నల సంగతి తేలాలి.

చివర దీర్ఘం తీసే ప్రశ్నలన్నీ అనుమానించండి. ఉందా, వచ్చిందా, పిలిచిందా. అలాంటి ప్రశ్నలో జవాబు ముందే ఉంటుంది, పిల్లలు తలూపితే చాలు. చిన్నపిల్లలు పెద్దవాళ్లకు అన్నీ తెలుసనుకుంటారు. అమ్మ "చీరా?" అందంటే అమ్మకు తెలిసే అడిగిందనుకుంటారు. అదే ప్రశ్న రెండోసారి అడిగితే, మొదట చెప్పింది తప్పేమోనని జవాబు మార్చేస్తారు. అప్పుడు మనం "చూశారా, మాట మారుస్తోంది, అబద్ధం" అంటాం.

దీర్ఘం లేని ప్రశ్నలు కూడా కొన్ని ఇదే పని చేస్తాయి. "ఎవరొచ్చారు?" అంటే ఎవరో వచ్చినట్టు మీరే ఒప్పేసుకున్నారు. "ఏ మూల నిలబడింది?" కూడా అంతే. మంచం కింద టార్చి వేసి "లేదు చూడు" అనడం ప్రశ్న కాదు గానీ, ఉండే అవకాశం ఉంది కాబట్టే అమ్మ వెతుకుతోందని పిల్లకు అర్థమవుతుంది. సీసాలో నీళ్లు పోసి దెయ్యం మందని చల్లేవాళ్లు ఇద్దరు ముగ్గురు రాశారు. నాకు ఆ పద్ధతి అస్సలు నచ్చదు. సీసా ఖాళీ అయిన రాత్రి ఏం చేస్తారు? అన్నిటికన్నా నాకు ఒళ్లు మండేది పొద్దున్నే పాలగ్లాసు చేతికిస్తూ అడిగే "మళ్లీ కనిపించిందా?". మర్చిపోయిన పిల్లకు కూడా గుర్తుచేసి బడికి పంపుతున్నారు.

మరి ఎలా అడగాలి? పిల్ల అన్న చివరి మాటనే తిరిగి అని ఊరుకోండి. మల్కాపురంలో ఒక నాన్నమ్మ అలాగే చేశారు. కొడుకు నైట్ డ్యూటీలో ఉన్నాడు, మనవరాలు లేచి కూర్చుంది. "కిటికీ దగ్గర..." అని ఆవిడ ఆగారు. కాసేపటికి పిల్ల తనే చెప్పింది: "కర్టెన్ ఊగుతాది మామ్మా, అప్పుడు పెద్దగా కూస్తాది." హార్బర్లో ఓడ కూత! మర్నాడు పగలు ఇద్దరూ కూర్చుని ఆ కూత కోసం చెవి ఒగ్గారట.

ఆ రాత్రి ఆవిడ ఇంకేమీ అడగలేదు, అది నాకు మరీ నచ్చింది. రాత్రి పక్కన కూర్చుని వీపు నిమరండి, మాటలు పగటికి దాచండి. పడుకున్న కొద్ది గంటల్లోనే కళ్లు తెరిచి కేకలేస్తూ మిమ్మల్ని గుర్తుపట్టకపోతే అది నిద్రలో వచ్చే భయం, లేపకండి, దెబ్బ తగలకుండా చూడండి. తెల్లారాక వాళ్లకది గుర్తుండదు. గుర్తుచేయకండి కూడా. ఇంట్లో తాతగారో అమ్మమ్మో పోయాక "కనిపించారు" అనడం దుఃఖంలో మామూలే, పెద్దవాళ్లకూ జరుగుతుంది.

ఇంత పట్టుబట్టడానికి అసలు కారణం వేరే ఉంది. అప్పుడప్పుడు పిల్లలు దెయ్యమని చెప్పేది మనిషి గురించి. "వచ్చి తలుపేస్తుంది", "సిగరెట్ వాసన", "ఎవరికీ చెప్పొద్దంది" లాంటి మాటలు వస్తే మీ ముఖం మారనివ్వకండి. "చెప్పి మంచిపని చేశావు" అనండి. కొత్త ప్రశ్న వేయకండి, పేరు అందించకండి, పిల్ల అన్న మాటలు అన్నట్టే కాగితం మీద రాసి పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. మీకు అనుమానం ఉన్న మనిషితో పిల్లను ఒంటరిగా వదలకండి. తెల్లచీర కథ ముందే అల్లేసిన ఇంట్లో ఈ మాట బయటికి రాదు.

జ్వరంలోనో, కొత్త మందు మొదలుపెట్టాకో, పట్టపగలు మెలకువలోనో ఏవో కనిపిస్తున్నాయంటే డాక్టరుకు చూపించాలి. చూపు నిలిచిపోవడం, చెయ్యో కాలో కొట్టుకోవడం ఉన్నా అంతే. గొంతులు వినిపించి ఏదో చెయ్యమంటున్నాయంటే ఆలస్యం వద్దు. విశాఖలో పెద్ద ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్ ఉంది, చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. చినవాల్తేరు పేరెత్తగానే నవ్వే చుట్టాలకు చెప్పకుండా వెళ్లండి. మానసిక సమస్యలకు ప్రభుత్వ ఫోన్ సేవ టెలీ మానస్ 14416కి ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

దర్గా కొండ మీద తాయెత్తు కట్టించినా, కనకమహాలక్ష్మి కుంకుమ పెట్టినా నాకు పేచీ లేదు. పిల్ల వింటుండగా "దీనికి గాలి సోకింది" అనడంతోనే పేచీ. వేపమండలతో కొట్టేవాళ్ల దగ్గరికి, మిరపకాయల పొగ పెట్టేవాళ్ల దగ్గరికి మాత్రం తీసుకెళ్లొద్దు.

అభ్యాసం: ఒక ఆదివారం పొద్దున్నుంచి రాత్రి దాకా పిల్లను దీర్ఘం తీసే ప్రశ్న ఒక్కటీ అడగకూడదు. "అన్నం తిన్నావా?" కూడా కుదరదు, "ఏం తిన్నావు?" అనాలి. ఇంట్లో ఉన్న తాతా మామ్మలూ చేయాలి, వాళ్లే ఎక్కువ ఓడిపోతారు. సాయంత్రం పది నిమిషాల మాటలు ఫోన్లో రికార్డు చేసి, పిల్ల నిద్రపోయాక విని, ఎన్నిసార్లు నోరు జారారో లెక్క రాసుకుని ఆ రికార్డింగు చెరిపేయండి. రికార్డింగు నాకు పంపకండి, పిల్లల గొంతులు ఫోన్లలో తిరగడం నాకిష్టం లేదు. లెక్క ఒక్కటి రాసి పంపితే చాలు.